లోయనుండి వచ్చిన పిలుపు

1902వ సంవత్సరమున కలకత్తాలో గౌహర్ జాన్ గానమును ఫ్రెడ్ గైస్‌బర్గు లక్క రికార్డునకెక్కించిన నాటినుండి సుమారు అర్ధశతాబ్దము, ఒక జాము విస్తరింపదగిన రాగమును మన విద్వాంసులు మూడు నిమిషములలో ముగింపవలసినవారైరి. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ లాంగ్ ప్లే రికార్డును వెలువరించిన పిదపనే ఒక్కొక్క ముఖమున ఇరువది నిమిషములకు పైబడిన సంగీతమునకు చోటు కలిగెను.

ఆ విశాలతను సార్థకమొనర్చిన కృతులలో, 1967లో హెచ్.ఎం.వి. వారు ప్రకటించిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' నా దృష్టిలో అగ్రగణ్యము. కాశ్మీర పశుపాలకుని యొక దినమును, ఉషస్సునందలి అహీర్ భైరవ్ మొదలు రాత్రివేళ పహాడి వరకు, కాలోచిత రాగములతో చిత్రించుట దీని సంకల్పము. ఇందు శివకుమార్ శర్మ వాయించిన సంతూరు కాశ్మీర సూఫియానా సభలకు చెందిన వాద్యము. మేళవింపబడిన తంత్రులపై కొట్టి పలికించునది గనుక అందు మీండ్, అనగా స్వరమునుండి స్వరమునకు జారు గమకము, పలుకదని పండితులాక్షేపించిరి. బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారును అడ్డముగా నుంచుకొని, తంత్రులపై లోహఖండమును జార్చి, ఆ గమకములనే సాధించెను. ఇందు వేణువూదిన హరిప్రసాద్ చౌరసియా మల్లయోధుని కుమారుడు. అతడు వేణువు చేపట్టుట తండ్రికి సమ్మతము కాదు. తబలాపై మాణిక్‌రావ్ పోపట్కర్ చూపిన నిగ్రహమును ప్రశంసించువారు అరుదు, అది యన్యాయము.

ఆ పశుపాలకుని కథ నెరుగకున్నను రాగము తన పని తాను చేయును. అందుచేతనే కాబోలు, శాస్త్రపరిచయము లేని విదేశీయులును ఈ రికార్డును ఆదరించిరి. శర్మ చౌరసియాలు తరువాత 'శివ్-హరి' యను జంటపేరుతో 1981 నాటి 'సిల్‌సిలా' చిత్రమునకు సంగీతము కూర్చిరి.