డోకూరు పల్లె జమాఖర్చు

రాజవంశముల చరిత్రమునకు శాసనములు కలవు, కైఫీయతులు కలవు. అరక దున్నిన కాపు ఏ యేట ఎంత ధాన్యము ఇంటికి తెచ్చెనో, నాట్లకు పోయిన యిల్లాలికి ఎంత కూలి ముట్టెనో తెలుపు వ్రాతలు మాత్రము అరుదు. అట్టి లెక్క నిలిచియున్న కొలది పల్లెలలో పాలమూరు జిల్లా దేవరకద్ర ప్రాంతమునందలి డోకూరు ఒకటి.

మెట్టపంటల అభివృద్ధికై ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1972లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో వెలసినది. ప్రయోగక్షేత్రమున నెగ్గిన పద్ధతి రైతు పొలమున ఏల నిలువదో ఎఱుగవలెనన్నచో రైతు బ్రతుకునే చదువవలెను. అందులకై ఆ సంస్థవారు 1975లో ఆరు పల్లెలను ఎన్నుకొనిరి. వానిలో నాలుగు మహారాష్ట్రమునందు, రెండు పాలమూరు జిల్లాలో నుండెను. పల్లెకు 40 కుటుంబములు: 10 కూలివారివి, 30 చిన్న, నడిమి, పెద్ద కమతముల రైతులవి. పరిశోధకుడు ఊరిలోనే కాపురముండి, మూడు నాలుగు వారములకొకపరి గడపగడపకు పోయి పంట, కూలి, అప్పు మొదలగునవి వ్రాసికొనెడివాడు.

నాటి డోకూరు ఎఱ్ఱనేలల ఊరు. చెరువును, బావులను నమ్మి వరి, వేరుసెనగ పండించెడిది. కష్టము వచ్చినచో చేబదులే బీమా. ఒక యింట ఎద్దు చచ్చినను, మనిషి మంచమెక్కినను ఇరుగుపొరుగువారు ఆదుకొందురు. కాని వాన అందరికిని ఒక్కటే. అది తప్పిన ఏడు ఇచ్చువాడును, పుచ్చుకొనువాడును ఒక్క తీరుననే చేతులు చాతురు.

మరి అప్పుడేమి గతి? ఈ అధ్యయనపు పల్లెల లెక్కలను పరిశీలించి రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అను ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు 1989లో ఒక విశేషమును వెల్లడించిరి. రాబడి నిలకడ లేని కుటుంబములు ఆడపిల్లలను దూరపు ఊళ్లకిచ్చుట హెచ్చు. అట్టి సంబంధములు గల యిండ్లలో కరవునాడు తిండికి ఒడుదొడుకులు తక్కువ. ఒకే మేఘము క్రింద ఉన్నవారు ఒకరినొకరు గట్టెక్కింపలేరు. వేరొక మేఘము క్రిందనున్న వియ్యంకుడు గట్టెక్కింపగలడు.

2001లో పరిశోధకులు మరల వచ్చునప్పటికి డోకూరు వరుస కరవులు చవిచూచియుండెను. చెరువు ఎండినది, బావులు అడుగంటినవి. పెక్కు యిండ్లకు వలస కూలియే ఆధారమైనది. పాలమూరు కూలీలు మేస్త్రీయొద్ద ముందుసొమ్ము పుచ్చుకొని ఆనకట్టలు, కాలువలు, భవనములు కట్టుటకు దేశమెల్ల తిరిగిరి. తమ చెరువున నీరు లేనివారు పరుల పొలములకు నీరు పారించు పనికై మట్టి మోసిరి!

పండని యేట పొయ్యి వెలిగించిన పట్టణపు కూలి ఈ చరిత్రలో జమ. ముసలివారికి పిల్లలను అప్పగించి పోయిన నెలలు ఖర్చు. ఒకదానిని విడిచి మరొకదానిని వ్రాసినచో లెక్క తప్పగును.

పల్లె ఎంత మారినదో తెలియుటకు మేడలను, బండ్లను లెక్కించుట చాలదు. వాన తప్పిన ఏడు ఆ ఊరివాడు సాయమునకై ఎంత దూరము పోవలసివచ్చెనో చూడవలెను. ఆ దూరము మొదట పొరుగింటివఱకు, పిదప వియ్యంకుని ఊరివఱకు, తుదకు పట్టణమువఱకు పెరిగినది. పోదలచినవాడు పోవుట అభివృద్ధియే. ఉండదలచినవాడు ఉండగలుగుట అంతకు మించిన అభివృద్ధి.