1921 మార్చి: లోకమందలి సంగతులు, మన బెజవాడ సంగతి

సంఘచరిత్ర వ్రాయునప్పుడు గుడి ఎప్పుడు కట్టినారు, బడి ఎప్పుడు తెరచినారు, ఏ అయ్యగారు ఎంతకాలము పరిచర్య చేసినారు అని వ్రాసికొనుట వాడుక. ఆ సంగతులు ఈ సంచికలో పెద్దలు వ్రాయుచున్నారు. మేము ఒక్క నెల మాత్రమే తీసికొన్నాము. అది 1921 మార్చి. ఆ నెలలో లోకములో ఏమి జరిగినది, నెలాఖరున మన బెజవాడలో ఏమి జరిగినది, ఈ రెండును కలిపి చూచినచో మన తాతలు ఎట్టి దినములలో జీవించినారో తెలియును.

అప్పటికి ఈ ప్రాంతమున రేడియో లేదు. బెజవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరులో గాని రాలేదు. మద్రాసునుండి ఆంధ్రపత్రిక దినపత్రిక రైలుమీద వచ్చెడిది. బందరునుండి ముట్నూరి కృష్ణారావుగారి కృష్ణాపత్రిక వారమునకొకసారి వచ్చెడిది. అక్షరము వచ్చినవారు అరుగుమీద కూర్చుండి చదువుచుండగా రానివారు చుట్టును చేరి వినెడివారు. సార్వా పంట ఇల్లు చేరి, ఎండలు ముదురుచున్న తీరిక దినములు అవి.

ఆ నెల వార్తలు తేలికయైనవి కావు. మహాయుద్ధము ముగిసి రెండేండ్లు దాటినను శాంతి కుదురుకొనలేదు. మార్చి 4న హార్డింగు అమెరికా అధ్యక్షుడైనాడు. ఆ దేశము నానాజాతి సమితిలో చేరుటకు అంతకుముందే నిరాకరించియున్నది. 8వ తేదీన యుద్ధనష్టపరిహారము చెల్లించుట లేదని ఫ్రెంచి సేనలు, వారి మిత్రులు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్, డూయిస్‌బర్గ్ పట్టణములను ఆక్రమించినారు. ఆ దినమే స్పెయిను ప్రధానమంత్రి దాతోను మాడ్రిడ్ వీధిలో కాల్చి చంపినారు. 15వ తేదీన బెర్లినులో తుర్కీ మాజీ మంత్రి తలాత్ పాషాను ఒక ఆర్మీనియా యువకుడు కాల్చి చంపినాడు. యుద్ధకాలములో లక్షలాది ఆర్మీనియా క్రైస్తవులను హతము చేయించిన పాపము ఆ పాషా తలమీద ఉన్నది.

రష్యాలో విప్లవమునకు మొదటినుండి అండగా నిలిచిన క్రోన్‌స్టాట్ నావికులే నెల ఆరంభమున తిరుగబడినారు. ఎర్రసేనలు గడ్డకట్టిన సముద్రముమీద నడచివచ్చి 18వ తేదీకి ఆ కోటను పట్టుకొన్నవి. అదే సమయమున లెనిను తన పార్టీ మహాసభలో ఒక మార్పు చేయించినాడు. రైతుయొద్ద మిగులు ధాన్యమంతయు లాగుకొను పద్ధతి మాని శిస్తు కట్టించుకొని మిగిలినది అమ్ముకొననిచ్చుట ఆ మార్పు. ఈ సంగతి మన కృష్ణా రైతుకు ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. 16న ఇంగ్లండు రష్యాతో వర్తక ఒడంబడిక చేసికొన్నది. ఇండియాలో బ్రిటిషువారికి వ్యతిరేకముగా ప్రచారము చేయరాదని అందులో ఒక షరతు పెట్టినారు. లండనులో కూర్చున్న దొరలకు మన దేశమును గూర్చి ఎంత దిగులున్నదో దీనినిబట్టి తెలియుచున్నది.

ఆ సంవత్సరము మార్చి 20 మట్టల ఆదివారము. ఆ ఆదివారముననే అప్పర్ సైలీషియా ప్రజలు తాము జర్మనీతో ఉందుమా, పోలండుతో ఉందుమా అని ఓట్లు వేసినారు. నూటికి సుమారు 60 మంది జర్మనీ వైపు, 40 మంది పోలండు వైపు నిలిచినారు. ప్రక్క ప్రక్క ఇండ్లవారు రెండు దేశములవారైనారు. మార్చి 27 పునరుత్థాన పండుగ. ఆ దినమున పదవి పోగొట్టుకొన్న చార్లెస్ చక్రవర్తి సింహాసనము తిరిగి ఇమ్మని బుడాపెస్టు చేరినాడు గాని వట్టి చేతులతో మరలినాడు. ఆ వారములోనే గ్రీకులకును తుర్కులకును ఇనొనూవద్ద ఘోరయుద్ధము సాగినది. ఖిలాఫతు కొరకు ఆవేదనపడుచున్న మన మహమ్మదీయ సోదరులు ఆ వార్తల కొరకే ఎదురుచూచినారు.

మన దేశములోను ఆ నెలలో ఒక లెక్క జరిగినది. మార్చి 18 రాత్రి జనాభా లెక్కలు తీసినారు. దేశ జనాభా సుమారు 31 కోట్ల 89 లక్షలని తేలినది. పదేండ్లలో నూటికి ఇద్దరైనను పెరుగలేదు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా అంతమందిని తీసికొనిపోయినది. ప్రతివాని పేరు ఎదుట మతము, కులము వ్రాసికొన్నారు. నాటినుండి మేమెంతమంది, వారెంతమంది అను మాట రాజకీయములలో మరింత బలపడినది. తక్కువ సంఖ్యగలవారికి ఈ దేశములో చోటెక్కడ? ఈ ప్రశ్న మనబోటి వారికి గట్టిగా తగులు ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఒక జవాబు బెజవాడలో మొలకెత్తినది. పునరుత్థాన పండుగ అయిన నాలుగవ దినమున, అనగా మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనది. గాంధీగారు వచ్చినారు. అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలగు పట్టణ ప్రముఖులు ఏర్పాట్లు చూచినారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు సేవచేసినది. జూన్ 30 లోపల కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నములు కావలెనని తీర్మానించినారు. శాసనోల్లంఘనమునకు దేశము ఇంకను సిద్ధముగా లేదని చెప్పినారు.

ఆ సభలోనే మన జాతీయ పతాకము ఆమోదము పొందినదని పలువురు చెప్పుదురు. అది సరికాదు. భట్లపెనుమర్రులో జన్మించి, అప్పుడు బందరు జాతీయ కళాశాలలో ఉన్న పింగళి వెంకయ్యగారు అంతకు అయిదేండ్ల ముందే, 1916లో, జాతీయ పతాకమునుగూర్చి పుస్తకము ప్రచురించియున్నారు. జలంధరు లాలా హంసరాజ్‌గారు జెండాపై రాట్నము ఉండవలెనన్నారు. బెజవాడలో గాంధీగారు అడుగగా వెంకయ్యగారు కొద్ది గంటలలోనే ఎరుపు, ఆకుపచ్చ రంగులమీద రాట్నము గీసి ఇచ్చినారు. అయితే అది సభ ముందుంచుటకు కొంచెము ఆలస్యమైనది.

ఆ ఆలస్యమే మేలైనది. ఏప్రిల్ 13 నాటి యంగ్ ఇండియా పత్రికలో గాంధీగారు ఈ సంగతి వివరించినారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ మహమ్మదీయులకు అయినచో తక్కినవారి మాట ఏమని ఆలోచించి తెలుపును చేర్చినారు. తక్కిన మతములవారందరి కొరకు ఆ తెలుపు. సంఖ్యలో చిన్నవారిది గనుక దానిని పైన ఉంచుమన్నారు. దాని క్రింద ఆకుపచ్చ, అన్నిటికంటె క్రింద ఎరుపు. బలవంతుడు బలహీనునికి డాలు కావలెనని దాని భావము. 1931లో రంగులు మారినవి. అవి మతములకు గురుతులు కావని కూడ కాంగ్రెసు స్పష్టము చేసినది. 1947 జూలై 22న రాట్నపు స్థానములో అశోకచక్రము వచ్చినది. తెలుపు మాత్రము నిలిచినది.

మన పెద్దలందరును ఆనాడు ఉత్సాహముతో ఉద్యమములోనికి దూకినారని వ్రాసికొనుట సత్యము కాదు. సహాయ నిరాకరణములో బడులు విడువుమన్నారు. నిన్నగాక మొన్న బడిగడప తొక్కిన మాల, మాదిగ కుటుంబముల బిడ్డలకు ఆ మాట ఎట్లు మింగుడుపడును? అదే బెజవాడలో 1917లో భాగ్యరెడ్డి వర్మగారి అధ్యక్షతన జరిగిన మహాసభలో వారు తమను ఆది ఆంధ్రులని పిలుచుకొన్నారు. వారి చూపులో స్వరాజ్యము ఊరి నూతివద్ద మొదలు కావలెను. ఈ వెనుకాడుటలో పిరికితనము కంటె అనుభవమే ఎక్కువ. అయినను దేశమునుండి వేరుపడుట మన మార్గము కాదని కె. టి. పాల్‌గారు, దోర్నకల్ అజరయ్య బిషప్పుగారు తరువాతి ఏండ్లలో గట్టిగా చెప్పినారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదన్నారు. అడిగి తెచ్చుకొన్న అడ్డుగోడ కంటె ఇరుగుపొరుగుల నమ్మకమే మేలని వారి తలంపు.

వెంకయ్యగారు 1963 జూలై 4న ఈ పట్టణముననే పేదరికములో కన్నుమూసినారు. 2009లో ఆయన పేరిట తపాలా బిళ్ళ వచ్చినది.

ఆ నెలలో లోకమంతట గీతలు గీసినారు. కొన్ని తుపాకులతో, కొన్ని ఓట్లతో, కొన్ని సంతకములతో గీసినారు. వాటిలో చాలావరకు ఇరువదియేండ్లు తిరుగకుండ చెరిగిపోయినవి. మన కృష్ణ ఒడ్డున మొదలైన జెండాలో తెల్లని పట్టె నేటికిని ఉన్నది. స్వాతంత్ర్య దినమున మన బడి ఆవరణములో జెండా ఎగురవేయునప్పుడు పిల్లలకు ఈ సంగతి చెప్పుదము. మనకంటె చిన్నవారు ఎవరైనను మన నడుమ ఉన్నచో వారికి మనము డాలుగా ఉన్నామా అని కూడ మనలను మనము అడుగుకొందము.