పల్నాటి చాపకూడు

రక్తసంబంధమే బంధుత్వమని లోకము తలఁచుచున్నది. ఆ తలంపు నిజమైనచోఁ బల్నాటి యుద్ధము జరిగియే యుండదు. క్రీ. శ. 12వ శతాబ్దమునఁ గారెమపూడి యొద్ద, నాగులేటి యొడ్డున, ఒండొరులపైఁ గత్తి దూసినవా రొక తండ్రి బిడ్డలే. గురజాల నేలిన నలగామరాజును, మాచెర్ల నేలిన మలిదేవరాజును అలుగురాజు కుమారులు. తల్లులు మాత్రమే వేఱు. రాజ్యకాంక్ష వారిని విడఁదీసెను, కోడిపందెము నెపమయ్యెను.

ఇఁక మాచెర్ల పక్షమును జూడుఁడు. మంత్రి బ్రహ్మనాయుఁడు సర్వవర్ణములవారిని ఒకే చాపపైఁ గూర్చుండఁబెట్టి భుజింపఁజేసెననియు, మాల కులజుఁడగు కన్నమదాసును గొడుకుగాఁ జేపట్టి సేనానాయకత్వ మొసఁగెననియు వీరగాథలు చెప్పుచున్నవి. బాలచంద్రుని వెంట రణమునకు నడచిన తమ్ములు సైతము వేర్వేఱు కులములవారే.

ఇందుఁ జరిత్ర మెంత, కల్పన యెంత యని పండితులు తర్కింతురు గాక. ఈ గాథను దరతరములుగా గానముచేసి కాపాడినవారు మాల కులస్థులగు వీరవిద్యావంతులు. తమవానిని గొడుకని చేరఁదీసిన పెద్దను ఆ జనము మఱవలేదు. ఆ స్మృతియే చరిత్రకుఁ దగిన సాక్ష్యము.

నేఁటికిని గార్తికమాసమునఁ గారెమపూడి వీరుల తిరునాళ్ళలోఁ జాపకూడు నడచుచున్నది. అచ్చట నొకనాఁడు పఱచు చాపను మన యిండ్లలో నేల చుట్టి మూలఁ బెట్టితిమి? పెండ్లికిఁ బంక్తి తీర్చునపుడు గడప వెలుపల నిలిచిన వారెవ్వరో యొక్కసారి తల యెత్తి చూడుఁడు. అన్నదమ్ములను దైవ మిచ్చును. పంక్తిలోఁ జోటు మనమే యీయవలెను.