నీటిపై తేలే కవచశకటం: సోవియట్ ప్రయోగాల నుంచి ఎద్దుమైలారం దాకా

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం 1984లో ఏర్పడింది. ఆ ప్రాంతం అప్పుడు మెదక్ జిల్లాలో ఉండేది కనుక కర్మాగారానికి ఆ పేరే నిలిచింది. సోవియట్ లైసెన్సుపై బీఎంపీ-2 అనే పదాతిదళ పోరాట వాహనాన్ని ‘సారథ్’ పేరుతో 1987 నుంచి ఇక్కడ తయారుచేశారు. నేలపై పరుగెత్తుతూ, వంతెన లేనిచోట నదిని ఈదే ఈ వాహనపు రూపం 1960ల తొలినాళ్ల సోవియట్ ప్రయోగాలలో నిర్ణయమైంది.

ఆ ప్రయోగాలకు మూలం అణుయుద్ధ భయం. రేడియోధార్మికత సోకిన నేల మీద సైనికులు వాహనం దిగకుండానే పోరాడాలి. ఐరోపా నదులను వంతెనల కోసం ఆగకుండా దాటాలి. ఇందుకు చక్రాలు మేలా, ట్యాంకులకుండే ఉక్కు గొలుసుపట్టీలు మేలా అన్నది ఎవరికీ తెలియదు. బ్రయాన్స్క్ కర్మాగారం ‘ఆబ్జెక్ట్ 1200’ పేరిట ఎనిమిది చక్రాల నమూనా చేసింది. వోల్గోగ్రాడ్‌లో రూపొందిన ‘ఆబ్జెక్ట్ 911’కు పట్టీలతోపాటు రోడ్డుపై కిందికి దించుకొనే చక్రాలుండేవి. ‘ఆబ్జెక్ట్ 19’ది ఇందుకు తిరగబడిన పద్ధతి: మామూలుగా చక్రాలపై నడుస్తూ, బురద నేలలో మధ్యనున్న పట్టీలను దించేది. చమత్కారమైన యంత్రాలే, కాని రెండు రకాల కాళ్లను మోసే వాహనానికి బరువూ చిక్కూ తప్పవు. పావెల్ ఇసకోవ్ నాయకత్వంలోని చెల్యాబిన్స్క్ బృందం పట్టీలనే నమ్ముకొని ‘ఆబ్జెక్ట్ 764’ను నిర్మించింది. దాన్ని సవరించగా వచ్చిన ‘ఆబ్జెక్ట్ 765’ 1966లో బీఎంపీ-1గా సైన్యంలో చేరింది. 1980 నాటి బీఎంపీ-2 దానికి మెరుగుదలే.

ఈతలోనూ అదే పొదుపు కనిపిస్తుంది. 1971 నవంబరులో గరీబ్‌పూర్ పోరులో భారతసైన్యం వాడిన పి.టి.-76 ట్యాంకు, వెనుకకు నీటిని చిమ్మే యంత్రాలతో గంటకు సుమారు 10 కిలోమీటర్లు ఈదేది. బీఎంపీ-2లో అటువంటి ప్రత్యేక యంత్రం లేదు. ముందున్న అలల పలకను పైకెత్తి, లోపలి నీటిని తోడే పంపులు నడిపి నదిలోకి దిగితే, తిరిగే పట్టీలే తెడ్లవుతాయి. వేగం గంటకు 7 కిలోమీటర్లే. అయితే ఒకే యంత్రాంగం నేలకూ నీటికీ సరిపోవడం, పరాయి నమూనాను లైసెన్సుపై తయారుచేసే కర్మాగారానికి చిన్న మేలు కాదు.

తేలడానికి చెల్లించిన మూల్యం కవచం. ముగ్గురు సిబ్బందిని, ఏడుగురు సైనికులను మోసే వాహనం సుమారు 14 టన్నులకు పరిమితం కావాలంటే ఉక్కు పలుచగానే ఉండాలి. అఫ్గానిస్తాన్ యుద్ధకాలంలో అదనపు కవచం తొడిగిన బీఎంపీ-2డి తేలే శక్తిని కోల్పోయింది. ఆ కొండల్లో అది సరైన బేరమే. పంజాబ్ సరిహద్దులో నదులు, రక్షణ కాలువలు ఉన్న భారతసైన్యం మాత్రం ఈతను అంత సులువుగా వదులుకోలేదు. నాగ్ క్షిపణులను మోసే ‘నమికా’ను సారథ్ ఆధారంగానే నిర్మించారు, అదీ నీటిపై తేలుతుంది.