సభ ఎక్కడ పెట్టాలి?

ఇంటర్నెట్‌కు ఊరూ వాడా లేదంటారు. దాని నియమాలు రాసేవాళ్ళు మాత్రం ఏడాదికి మూడుసార్లు ఏదో ఒక ఊళ్ళో కూర్చోవలసిందే. ఆ ఊరు ఏదన్నది నలభై ఏళ్ళుగా నలుగుతున్న తగవు. స్వర్ణోత్సవ సంచికకు నా వృత్తికి సంబంధించిన చరిత్ర ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు ఇదే తోచింది. యంత్రాల చరిత్ర ఎక్కడైనా దొరుకుతుంది. మనుషులు ఒకచోట చేరడంలో ఉండే న్యాయాన్యాయాల చరిత్ర అంతగా దొరకదు. పైగా అది మన సంఘానికి పనికొచ్చేది కూడా.

నేను చెబుతున్నది ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ గురించి. పొడి అక్షరాల్లో ఐఈటీఎఫ్. మీ ఫోనులోంచి బయల్దేరిన సందేశం ఏ కంపెనీ పరికరాల మీదుగా వెళ్ళినా గమ్యం చేరుతోందంటే, ఆ పరికరాలన్నీ ఒకే నియమాలను పాటిస్తున్నాయి కనుక. ఆ నియమాల్లో చాలా భాగం రాసింది ఈ సంఘమే. దీనికి సభ్యత్వం లేదు. దేశాలకూ కంపెనీలకూ ఇందులో స్థానం లేదు. ఎవరికి వారు వ్యక్తులుగానే పాల్గొనాలి. ఓట్లు కూడా లేవు. ఎంఐటీ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1992లో చేసిన ఒక ప్రసంగంలో రాజులు, అధ్యక్షులు, ఓటింగు తమకు వద్దని, స్థూలమైన ఏకాభిప్రాయమూ పనిచేసే ప్రోగ్రామూ చాలునని తేల్చారు. అందుకని గదిలో ఉన్నవాళ్ళు, మనం కథకు ఊఁ కొట్టినట్టు, గొంతులోనే ‘ఊఁ’ అంటారు. ఏ పక్షానికి ఊఁ బలంగా వినిపించిందో అధ్యక్షస్థానంలో ఉన్నవారు గ్రహిస్తారు. అక్కడ తేలినదాన్ని తర్వాత ఉత్తరప్రత్యుత్తరాల్లో అందరి ముందూ పెట్టి ఖాయం చేస్తారు.

నియమం ప్రకారం ఎక్కడున్నవాడైనా సమానమే. కానీ ఓట్లు లేనిచోట హాజరుకు బరువెక్కువ. విరామంలో కాఫీ కప్పు పట్టుకుని మాట్లాడుకున్న మాట, రాత్రి భోజనాల దగ్గర కుదిరిన రాజీ, ఇవి ఉత్తరాల్లో కుదరవు. అందుకే సభ ఎక్కడ అన్న ప్రశ్నలోనే ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్న దాగి ఉంది.

మొదటి సభ 1986 జనవరిలో శాన్ డియాగోలో జరిగింది. వచ్చినవారు 21 మంది. అందరూ అమెరికా ప్రభుత్వ నిధులతో పనిచేసే పరిశోధకులే కనుక ఎక్కడ పెట్టాలన్న చర్చే రాలేదు. అమెరికా బయట తొలి సభ 1990 ఆగస్టులో, కెనడాలోని వాంకూవర్‌లో. ఉత్తర అమెరికా దాటింది 1993 జులైలో, ఆమ్‌స్టర్‌డామ్‌కు. 2000 మార్చిలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు వెళ్ళింది. ఆసియాకు వచ్చింది 2002 జులైలో, జపాన్‌లోని యొకొహామాకు. అంటే పుట్టిన పదహారేళ్ళకు. మధ్యలో 2000 డిసెంబరులో శాన్ డియాగోలోనే జరిగిన సభకు 2,800 మందికి పైగా వచ్చారు. ఆసియాకు రావడంలో ఆలస్యం ఎవరో కక్షగట్టి చేసింది కాదు. పనిచేసేవాళ్ళు ఎక్కువమంది అక్కడున్నారు, ఖర్చు భరించే కంపెనీలు అక్కడున్నాయి, సభా అక్కడే జరిగింది. అన్యాయం చాలాసార్లు ఇలాగే, ఎవరూ తలపెట్టకుండానే జరిగిపోతుంది.

దూరం ఏం చేస్తుందో నాకు స్వయంగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. ఒక సభకు నేను రాసిన ప్రతిపాదన చర్చకు వచ్చింది. ఏ దేశమన్నది ఇక్కడ అనవసరం. వీసా ఇంటర్వ్యూకు నాకు దొరికిన తేదీ సభ ముగిసిన మూడు వారాల తర్వాతది. నా తరఫున మరో దేశపు మిత్రుడు ఆ ప్రతిపాదన చదివారు. హైదరాబాదులో అర్ధరాత్రి దాటాక హెడ్‌ఫోను పెట్టుకుని వింటున్నాను. ఎవరో అడ్డుప్రశ్న వేశారు. జవాబు నాకు తెలుసు. టైపు చేసి పంపాను. దాన్ని గదిలో ఎవరో చూసి పైకి చదివేలోపు చర్చ మరో అంశానికి వెళ్ళిపోయింది. మళ్ళీ సభకు నాలుగు నెలలు ఆగాల్సివచ్చింది. ఎవరూ నన్ను వెలివేయలేదు, చిన్నచూపు చూడలేదు. గదిలో లేను, అంతే.

స్థలం తగవు రాజకీయాల దాకా పోయిన సందర్భాలూ ఉన్నాయి. 2010 నవంబరులో బీజింగ్‌లో సభ అనుకున్నప్పుడు, రాజకీయ విషయాలు చర్చకు వస్తే సభను మధ్యలోనే ఆపేయవచ్చన్న షరతు ఒప్పందంలో ఉందని నిర్వాహకులే ఏడాది ముందు బయటపెట్టి, అందరి అభిప్రాయం అడిగారు. వాదోపవాదాలు సాగాయి. చివరికి సభ అక్కడే జరిగింది. 2017 నవంబరులో నూరో సభకు సింగపూరు ఎంచుకున్నప్పుడు, పురుషుల మధ్య స్వలింగ సంబంధాన్ని నేరమనే అక్కడి చట్టం వల్ల తాము కుటుంబాలతో ఎలా రాగలమని కొందరు నిలదీశారు. అలాంటి వలసకాలపు చట్టమే మన దేశంలోనూ 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా నడిచిందని మరవకూడదు. అదే 2017 జనవరిలో అమెరికా ఏడు దేశాల పౌరుల రాకపై ఆంక్షలు పెట్టింది. 2018 జులైలో శాన్ ఫ్రాన్సిస్కోలో జరగవలసిన సభ కెనడాలోని మాంట్రియల్‌కు మారింది. సభకు పుట్టిల్లు లాంటి దేశానికీ ఇతరులకు వేసిన ప్రశ్నే వేయవలసి వచ్చింది.

ఈ తగవులన్నిటి నుంచీ పాఠం తీసి 2020 ఫిబ్రవరిలో రెండు పత్రాలు ప్రచురించారు. ఎలియట్ లియర్ కూర్చిన 8718వ పత్రం స్థలం ఎలా ఉండాలో చెబుతుంది. చక్రాల కుర్చీలో వచ్చేవారు తిరగగలగాలి. ఇంటర్నెట్ అందరి అవసరాలకూ సరిపోవాలి. ఇవి లేకపోతే ఆ చోటు పనికిరాదు. రాదలచినవారిలో అత్యధికులకు దేశంలోకి అనుమతి దొరకాలి, ఖర్చు భరించగలిగేలా ఉండాలి, రకరకాల ఆహార నియమాలున్నవారికి తిండి దొరకాలి, నలుగురు నిలబడి మాట్లాడుకునే చోటుండాలి. ఇవి ముఖ్యమైనవి. ఏవి లక్ష్యాలు కావో కూడా రాశారు: ఒక దేశాన్ని మెచ్చుకోవడమో తప్పుపట్టడమో కాదు, వీలైనంత ఎక్కువమందిని పోగేయడం కాదు, ఊళ్ళు చూపించడం కాదు. అన్నిటికంటే నాకు నచ్చింది, స్థలం పేరు విని ఎవరూ ఉలిక్కిపడకూడదన్న సూత్రం. ముందే చెప్పాలి, అభ్యంతరాలు వినాలి.

సురేశ్ కృష్ణన్ కూర్చిన 8719వ పత్రం వంతులు చెబుతుంది. ఉత్తర అమెరికా, యూరప్, ఆసియా ఒక్కొక్కటి, ఆ పైన ఎప్పుడైనా కొత్తచోటు. ప్రయాణ భారాన్ని, దూరం నుంచి పాల్గొనేవారికి వేళల ఇబ్బందిని ఇప్పటికే పాల్గొంటున్నవారి మధ్య పంచడం దాని ఉద్దేశం. సుఖం కాదు, కష్టం పంచుకోవాలి అన్న ఈ ఆలోచన నాకు న్యాయంగానే అనిపిస్తుంది. అయితే ‘ఇప్పటికే పాల్గొంటున్నవారు’ అన్న మాట దగ్గర ఆగాలి. పాల్గొనేవాళ్ళు లేరు కనుక సభ రాదు. సభ రాదు కనుక పాల్గొనేవాళ్ళు పెరగరు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెత దీనికి సరిగ్గా అతుకుతుంది. 2016 ఏప్రిల్‌లో బ్యూనస్ ఐరిస్‌లో పెట్టి ఆ ముడి ఒకసారి విప్పి చూశారు. 2025 చివరిదాకా చూస్తే ఆఫ్రికాలోగాని మన దేశంలోగాని ఒక్క సభ జరగలేదు.

వేరే లెక్క వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇంటర్నెట్ పేర్ల, చిరునామాల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ ప్రపంచాన్ని ఐదు ప్రాంతాలుగా చేసి వంతులు వేస్తుంది. నమోదు రుసుము తీసుకోదు. 2016లో ప్వెర్టో రికోలోని సాన్ హువాన్‌కు రావలసిన సభ జికా వైరస్ వల్ల హైదరాబాదుకు మారింది. నవంబరు 3 నుంచి 9 దాకా హైటెక్ సిటీ దగ్గరి సమావేశ కేంద్రంలో జరిగిన ఆ సభకు మూడు వేలమందికి పైగా వచ్చారు. రుసుము లేదు కనుక ఇంజినీరింగ్ విద్యార్థులు సిటీ బస్సెక్కి వచ్చి కూర్చున్నారు. 8వ తేదీ రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాయి. మర్నాడు విదేశీ మిత్రుల చేతిలో ఐదువందల నోట్లు కాగితాలైపోతే, ఆటోలకు చిల్లర మేం ఇచ్చాం. ఎంత ఆలోచించి ఎంచుకున్న ఊరైనా ఆతిథ్యం చివరికి ఊరివాళ్ళ చేతిలోనే ఉంటుంది. తన వంతు పోగొట్టుకున్న సాన్ హువాన్‌ను మరచిపోలేదు. తుఫాను దెబ్బతిన్న కొద్ది నెలలకే, 2018 మార్చిలో, సభ అక్కడ జరిగింది.

కొవిడ్ వచ్చి 2020 మార్చి నుంచి ఐఈటీఎఫ్ సభలు తెరమీదికి మారాయి. ఇక ఊరి తగవు తీరిందనుకుంటాం. తీరలేదు. ఏ ఊళ్ళో జరగవలసిందో ఆ ఊరి గడియారమే పెట్టుకున్నారు. 2020 నవంబరులో బ్యాంకాక్ వేళలు, మనకు పగలే. 2021 జులైలో శాన్ ఫ్రాన్సిస్కో వేళలు. మనకు రాత్రి పన్నెండున్నరకు మొదలు. మన ప్రామాణిక కాలరేఖ కాకినాడకు దగ్గరగా పోతుందని అట్లాసులో వేలుపెట్టి చూపించిన మాస్టారు గుర్తొచ్చారు. ఊరు లేకపోయినా ఎవరో ఒకరి నిద్ర ఖర్చవుతుంది. కనుక నిద్రలోనూ వంతులు వేశారు.

ఇంత చరిత్రలో నేను గ్రహించింది ఒక్కటే. వచ్చినవాళ్ళను లెక్కపెట్టడం తేలిక. న్యాయం మొదలయ్యేది రానివాళ్ళను లెక్కపెట్టినప్పుడు. మన సంఘం రిజిస్టరులో ప్రతి వార్షిక సభకు వచ్చినవారి సంతకాలున్నాయి. రానివారి జాబితా లేదు. ఊళ్ళో బడి ఆవరణలోనా, హైదరాబాదులోనా, సంక్రాంతికా, అమెరికావాళ్ళ సెలవులకా అని ఏటా వాదించుకునేదంతా ఆ సంతకాలు పెట్టినవాళ్ళమే. నాదొక ప్రతిపాదన. వచ్చే సభకు చోటు నిర్ణయించేముందు, గత మూడు సభల్లో ఒక్కసారీ రానివారి పేర్లు బ్యాచీలవారీగా రాయాలి. ఒక్కొక్కరికి ఫోను చేసి, ఎందుకు రాలేదని కాదు, ఎక్కడైతే, ఎప్పుడైతే రాగలరని అడగాలి. విశ్రాంతి తీసుకున్న మాస్టార్లను, టీచరమ్మలను మొదట అడగాలి. మెట్లున్న హాలా, లేని హాలా అన్నది వాళ్ళే చెప్పాలి. ఆ ఫోన్లలో నా వంతు పేర్లు నాకు పంపించండి.