తయారీదారు విడిచిపెట్టిన సాఫ్ట్‌వేర్: ఫ్రీహ్యాండ్, పేజ్‌మేకర్ వినియోగదారుల ప్రతిస్పందన

పరిచయం

ఒక వస్తువు తయారీ ఆగిపోవడం చరిత్రలో కొత్త విషయమేమీ కాదు. ట్రెడిల్ ముద్రణ యంత్రాలను తయారుచేసిన కంపెనీలు మూతపడిన తరువాత కూడా మన పట్టణాల్లో ఆ యంత్రాలు ఏళ్ళ తరబడి నడిచాయి. భాగం విరిగితే లేత్ పనివాడు కొత్తది చేసి ఇచ్చేవాడు. కంపెనీ పోయినా యంత్రం యజమాని అధీనంలోనే ఉండేది. డిజైన్ సాఫ్ట్‌వేర్ విషయంలో అలా కాదు. సాఫ్ట్‌వేర్‌తో చేసిన పని ఒక ఫైలుగా మారుతుంది. ఆ ఫైలును తెరవగల తాళంచెవి చాలాసార్లు ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. తయారీదారు దాన్ని నిలిపివేస్తే కొనుగోలుదారు పోగొట్టుకునేది పనిముట్టును మాత్రమే కాదు, అంతవరకు చేసిన పనిని కూడా. ఈ పాఠంలో మీరు గమనించవలసిన ముఖ్యాంశం ఇదే.

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రచురించిన గ్రంథంలో, ఒక సంస్థ పనితీరు క్షీణించినప్పుడు దాని వినియోగదారులు అనుసరించే రెండు మార్గాలను చర్చించాడు. ఒకటి వదిలి వెళ్ళిపోవడం, రెండోది గొంతు విప్పడం. ఈ చట్రాన్ని మనసులో ఉంచుకుని కింది చరిత్రను చదవండి. ఇందులో చివరి ఘట్టం ఈ చట్రంలో సరిగా ఇమడదని మీకే తెలుస్తుంది.

డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆవిర్భావం

1985లో అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన ఆల్డస్ కంపెనీ మెకింటాష్ కంప్యూటర్ల కోసం పేజ్‌మేకర్‌ను విడుదల చేసింది. కంపెనీ స్థాపకుడు పాల్ బ్రెయినర్డ్. వెనిస్ నగరపు ముద్రాపకుడు ఆల్డస్ మనూటియస్ పేరునే తన కంపెనీకి పెట్టుకున్నాడు. యాపిల్ లేజర్ ప్రింటరు, అడోబి కంపెనీ రూపొందించిన పోస్ట్‌స్క్రిప్ట్, పేజ్‌మేకర్ ఈ మూడూ కలిసిన తరువాత ఒక బల్ల మీద కూర్చొని పేజీ మొత్తాన్ని తయారుచేయడం సాధ్యమయింది. 1987లో అడోబి బొమ్మలు గీయడానికి ఇలస్ట్రేటర్‌ను తెచ్చింది. మరుసటి సంవత్సరం టెక్సాస్‌లోని ఆల్ట్‌సిస్ సంస్థ రూపొందించిన ఫ్రీహ్యాండ్‌ను ఆల్డస్ అమ్మడం ప్రారంభించింది. ఈ రెండింటి మధ్య పోటీ చాలాకాలం సాగింది. పోటీ ఉన్నంతకాలం లాభపడినవారు డిజైనర్లే.

ఫ్రీహ్యాండ్: న్యాయస్థానం దాకా వెళ్ళిన కొనుగోలుదారులు

1994లో అడోబి, ఆల్డస్ విలీనమయ్యాయి. మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇందులో జోక్యం చేసుకుంది. ఇలస్ట్రేటర్, ఫ్రీహ్యాండ్ ఒకే యజమాని కిందికి వస్తే పోటీ మిగలదని భావించింది. ఫలితంగా ఫ్రీహ్యాండ్ తిరిగి ఆల్ట్‌సిస్‌కు చేరింది. దాన్ని అడోబి మళ్ళీ సంపాదించకుండా పదేళ్ళపాటు ఆంక్ష విధించారు. 1995లో మాక్రోమీడియా కంపెనీ ఆల్ట్‌సిస్‌ను కొన్నది.

ఇప్పుడు తేదీలను జాగ్రత్తగా చూడండి. పదేళ్ళ ఆంక్ష 2004లో ముగిసింది. 2005 ఏప్రిల్‌లో మాక్రోమీడియాను కొంటున్నట్లు అడోబి ప్రకటించింది. ఆ సంవత్సరం డిసెంబరులో సుమారు 340 కోట్ల డాలర్ల విలువైన ఆ కొనుగోలు పూర్తయింది. 2007 మే నెలలో ఫ్రీహ్యాండ్‌ను ఇక అభివృద్ధి చేయబోమని ప్రకటన వెలువడింది. అడోబి ఉద్దేశం మొదటినుంచీ ఇదేనని తేల్చి చెప్పడానికి ఈ వరుస ఒక్కటే చాలదు. మాక్రోమీడియా చేతిలో ఫ్లాష్, డ్రీమ్‌వీవర్ వంటి ఎంతో విలువైన ఉత్పత్తులు ఉండేవి. ఆ కొనుగోలుకు అవే చాలినంత కారణం. ఫ్రీహ్యాండ్ చివరి ప్రధాన సంచిక 2003లోనే, అంటే మాక్రోమీడియా కాలంలోనే వచ్చిందని కూడా మరవకూడదు. అయినా వాడుతున్నవారి దృష్టిలో జరిగింది ఒక్కటే: తమ పనిముట్టు దాని ప్రత్యర్థి చేతిలో పడింది, అక్కడే ఆగిపోయింది.

ఇలస్ట్రేటర్‌కు మారండి అని కంపెనీ సూచించింది. వినడానికి ఇది సులువైన సలహా. ఒకే ఫైలులో వేర్వేరు కొలతల పేజీలు అనేకం పెట్టుకోవడం ఫ్రీహ్యాండ్ వాడేవారికి అలవాటు. ఒక దుకాణం గుర్తు, విజిటింగ్ కార్డు, లెటర్‌హెడ్, బోర్డు అన్నీ ఒకచోటే ఉండేవి. ఇలస్ట్రేటర్‌కు ఆ సౌకర్యం 2008లో గాని రాలేదు. పైగా చేతికి అలవడిన పద్ధతి కూడా ఒక పెట్టుబడే. పదిహేనేళ్ళు ఒక పనిముట్టుతో పనిచేసిన మనిషి వేగం కొత్త పనిముట్టు కొన్న రోజున రాదు. ఆ నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

2009లో ఈ వినియోగదారులు ఫ్రీ ఫ్రీహ్యాండ్ అనే సంస్థగా ఏర్పడ్డారు. ఫ్రీహ్యాండ్‌ను అభివృద్ధి చేయాలి, లేదా చేయగలవారికి అప్పగించాలి అన్నది వారి కోరిక. విన్నపాలు ఫలించకపోవడంతో 2011 మేలో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానంలో గుత్తాధిపత్య నిరోధక చట్టాల కింద దావా వేశారు. పోటీని తొలగించి, ఇలస్ట్రేటర్ ధర పెంచారని ఆరోపించారు. 2012 ఫిబ్రవరిలో న్యాయమూర్తి లూసీ కో కొన్ని ఆరోపణలను విచారణకు అనుమతించారు. ఆ సంవత్సరమే వ్యాజ్యం రాజీతో ముగిసింది. ఫ్రీహ్యాండ్ మాత్రం తిరిగి రాలేదు.

దావా నడుస్తున్న కాలంలోనే మరో దెబ్బ తగిలింది. ఫ్రీహ్యాండ్ యాపిల్ పాత పవర్‌పీసీ ప్రాసెసర్ల కోసం రాసిన సాఫ్ట్‌వేర్. ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో రోసెట్టా అనే అనువాదక వ్యవస్థ దాన్ని నడిపించేది. 2011 జులైలో వచ్చిన లయన్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి యాపిల్ రోసెట్టాను తీసివేసింది. దాంతో కొత్త మెకింటాష్ కొన్నవారికి ఫ్రీహ్యాండ్ తెరుచుకోలేదు. ఆయువు తీసిన నిర్ణయం ఒక కంపెనీది, ఆఖరి శ్వాస ఆపిన నిర్ణయం మరో కంపెనీది.

పేజ్‌మేకర్: మన డి.టి.పి. సెంటర్ల మౌనం

పేజ్‌మేకర్ చరిత్ర వేరే దారిలో నడిచింది. విలీనంతో అడోబి చేతికి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ చివరి ప్రధాన సంచిక 7.0, 2001లో విడుదలయింది. అప్పటికే, 1999లో, అడోబి ఇన్‌డిజైన్‌ను ప్రవేశపెట్టి ఉంది. 2004లో పేజ్‌మేకర్ అభివృద్ధిని నిలిపివేస్తున్నట్లు ప్రకటించి, ఇన్‌డిజైన్‌కు మారేవారి కోసం ప్రత్యేక సంచికను కూడా అమ్మింది. అమెరికాలో చాలామంది మారిపోయారు. వారికి ఇంగ్లీషు అక్షరాలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇంగ్లీషు అక్షరాలే.

తెలుగు డి.టి.పి. ఆపరేటరుకు ఆ అదృష్టం లేదు. మన దగ్గర పేజ్‌మేకర్ ఒంటరిగా నడవలేదు. అను వంటి ఫాంట్లు, వాటి కీబోర్డు ప్రోగ్రాముతో జతగా నడిచింది. ఈ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు ఉంటాయి. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. తెర మీద కనిపించేది తెలుగు, లోపల నిలవ ఉండేది ఇంగ్లీషు గుర్తుల కలగాపులగం. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. ఇన్‌డిజైన్‌లో తెలుగు యూనికోడ్ సరిగా అమరడం 2012 నాటి సి.ఎస్.6తో గాని మొదలుకాలేదు. అంటే 2004 ప్రకటన నాటికి మన ఆపరేటరుకు తెలుగు యూనికోడ్‌తో పనిచేసే ఇన్‌డిజైన్ లేనే లేదు. అభివృద్ధి ఆగిన తరువాత కూడా మన ఊళ్ళలో పేజ్‌మేకర్ నేర్పే శిక్షణ కేంద్రాలు నడిచాయంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

మరి నిరసన ఎందుకు లేదు? వాడుకలో ఉన్న ప్రతులన్నీ డబ్బిచ్చి కొన్నవని చెప్పలేం. రసీదు లేనివాడు ఫిర్యాదు చేయలేడు. కొన్నవారికైనా తయారీదారుతో నేరుగా సంబంధం తక్కువ. అయితే నా దృష్టిలో అసలు కారణం ఇవి కావు. పేజ్‌మేకర్ విండోస్ ఎక్స్‌పీ మీద చక్కగా నడిచింది. యంత్రం నడుస్తున్నంతకాలం ఎవరిమీదా కోపం రాదు. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు ముగించిన తరువాత కూడా పాత కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపకుండా, పెళ్ళి శుభలేఖలకు, కరపత్రాలకు, పుస్తకాలకు వాడుకున్న సెంటర్లు ఉన్నాయి. వీరు వెళ్ళిపోలేదు, గొంతూ విప్పలేదు. ట్రెడిల్ యజమాని చేసినట్లే యంత్రాన్ని బతికించుకున్నారు. దీన్ని వెనుకబాటుతనమని కొట్టిపారేయడం తొందరపాటు.

2013 తరువాత

2013 మేలో అడోబి శాశ్వత లైసెన్సుల అభివృద్ధిని సి.ఎస్.6తో ఆపి, చందా పద్ధతికి మారింది. వ్యతిరేక విజ్ఞాపన మీద వేల సంతకాలు చేరినా నిర్ణయం మారలేదు. కొందరు 2014లో బ్రిటన్ కంపెనీ సెరిఫ్ తెచ్చిన అఫినిటీ డిజైనర్ వైపు వెళ్ళారు. అదే సంవత్సరం మొదలైన డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్ట్ మనకు ఎక్కువ ముఖ్యం. తయారీదారులు వదిలేసిన ఫైలు రూపాల నిర్మాణాన్ని పరిశీలించి, వాటిని చదవగల ప్రోగ్రాములను స్వచ్ఛంద కార్యకర్తలు రాశారు. ఈ కృషి వల్ల పేజ్‌మేకర్, ఫ్రీహ్యాండ్ ఫైళ్ళను ఉచిత లిబర్‌ఆఫీస్‌లో కొంతవరకు తెరవవచ్చు. ఇన్‌డిజైన్ మాత్రం సి.ఎస్.6 తరువాత పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవడం మానేసింది.

చరిత్ర విద్యార్థికి ఇందులో ఉన్న పని

1990ల నుంచి తెలుగులో వెలువడిన చిన్న పత్రికలు, సంఘాల కరపత్రాలు, స్థానిక చరిత్రలు ఎన్నో పేజ్‌మేకర్ ఫైళ్ళుగా సీడీల్లో, పాత హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. మీ ప్రాజెక్టు పని కోసం ఒక డి.టి.పి. సెంటరుకు వెళితే ఇవి మీకు దొరకవచ్చు. అప్పుడు ఫైలు పేరుతోపాటు పేజ్‌మేకర్ సంచిక సంఖ్య, వాడిన ఫాంటు పేరు తప్పక రాసుకోండి. ఫాంటు లేకుండా ఫైలు తెరిచినా మీకు కనిపించేది అర్థంలేని గుర్తుల వరుసే. ఫాంటు పేరు తెలిస్తే యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మారిన పాఠాన్ని ఒత్తుల దగ్గర, సంఖ్యల దగ్గర మూలంతో సరిపోల్చుకోండి.

ముద్రిత ప్రతి కూడా దొరికితే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఆ రోజుల్లో ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీసిన తరువాత కనిపించిన తప్పును, సరైన మాటను వేరే కాగితం నుంచి కత్తిరించి అతికించి దిద్దేవారు. ఆ దిద్దుబాటు ఫైలులోకి ఎక్కి ఉండకపోవచ్చు. రెండింటికీ తేడా వచ్చినచోట పాఠకులకు చేరింది ఏదో, ఆపరేటరు దగ్గర మిగిలిపోయింది ఏదో మీ నోట్సులో విడివిడిగా నమోదు చేయండి.