తామరైపాక్కం నేల క్రింది చరిత్ర

ఉగాదినాడు మనవారు నలుగురు కలిసినచోట మాటలు తప్పక సొంత ఊళ్ళ మీదికి మళ్ళుతవి. ఎవరు ముందు వచ్చినారు, ఎవరు వెనుక వచ్చినారు, ఈ నేల ఎవరిది అన్న చర్చ కూడా సాగుతుంది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి మద్రాసు రాష్ట్రములోనికి, సత్యవేడు ఆంధ్రప్రదేశములోనికి మారినవి. ఆ గీతకు ఇరుప్రక్కల మనకు బంధువులున్నారు. ఈ చర్చలో ఒక పాత సాక్షిని కూడా విచారించవలెనని మా కోరిక. ఆ సాక్షి మన కాళ్ళ క్రింది మట్టియే.

తామరైపాక్కం కొసస్థలై నది ఒడ్డున ఉన్నది. అక్కడి ఆనకట్ట నుండి నీరు చోళవరం చెరువుకు పోతుంది. ఈ ఏటి ఒండ్రు భూచరిత్రలో నిన్నమొన్నటిది. ఈ ప్రాంతములో దాని అడుగున, అక్కడక్కడ మెట్టలలో బయటపడుతూ, అతి పురాతనమైన పొరలు కలవు. పల్లవరం, అత్తిరంపాక్కంలలో 1863లో రాతి పనిముట్లను గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొరయే ఈ పొరలను కూడా పరిశీలించి రెండు వర్గములు చేసినాడు. క్రిందిది శ్రీపెరుంబుదూరు వర్గము. బంకమట్టి గట్టిపడి రేకులుగా విడివడే షేలు రాయి, నడుమ ఇసుకరాయి అందులో ఉంటవి. పైది సత్యవేడు వర్గము. అందులో ఏటిగుండ్లు, గులకరాళ్ళు ఇసుకతో కలిసి కరుడుగట్టి ఉంటవి. నేడు ఒక పేరు తమిళనాడుది, ఒక పేరు ఆంధ్రది. పొరలు మాత్రము ఒకదానిపై ఒకటి పేర్చినవే.

గోదావరి లంకలలో వరద తీసిన తరువాత చూచినవారికి ఈ పొరల భాష సులభముగా తెలుస్తుంది. వడిగల నీరు గుండ్లను, ఇసుకను దించుతుంది. నిలిచిన నీరు బురదను దించుతుంది. శ్రీపెరుంబుదూరు షేలులో ఆకుల ముద్రలతోపాటు సముద్రపు గుల్లలు కూడా దొరికినవి. అనగా ఏరు, సముద్రము కలిసిన డెల్టా అంచు అది.

అయితే ఎప్పటిది? ఇక్కడ పెద్ద తగవు వచ్చినది. 1879లో ఫైస్ట్‌మాంటెల్ పండితుడు ఆకులను వర్ణించి, వీటిని జురాసిక్ యుగమునకు చేర్చినాడు. అమ్మొనైట్లు అనే గుల్లలు మాత్రము తరువాతిదైన క్రెటేషియస్ యుగమును సూచించినవి. టైలోఫిల్లమ్ వంటి ఆకులు రెండు యుగములలోను బ్రతికినవి గనుక, వాటితో తీర్పు చెప్పుట కష్టమైనది.

అప్పుడు సిద్ధబీజములు సాక్ష్యమునకు వచ్చినవి. ఫెర్నుల సిద్ధబీజములకు, చెట్ల పుప్పొడికి పైపొర మహాగట్టిది. రాతిని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లములో కరిగించినా ఆ పొర కరగదు. మిగిలిన మడ్డిని సూక్ష్మదర్శినిలో చూచి, గీతలను బట్టి, గుంటలను బట్టి జాతులను గుర్తుపట్టుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన సి.జి.కె. రామానుజం, వై.ఎన్.ఆర్. వర్మ గార్లు 1970, 80 దశకములలో ఈ పాలారు బేసిన్ సిద్ధబీజములను పరిశోధించినారు. ఇవి క్రెటేషియస్ తొలిభాగమునకు చెందినవని, అనగా సుమారు 12, 13 కోట్ల సంవత్సరముల నాటివని నేడు భావిస్తున్నారు. హైదరాబాదు నుండి వచ్చినవారు ఈ నేల వయస్సు చెప్పుటకు తోడ్పడుట మనకు సంతోషకరమైన విషయము.

నాడు ఈ తీరమున ఫెర్నులు, శంకువృక్షములు పెరిగినవి. పూచే మొక్కలు లోకములో అప్పుడే తలయెత్తుతున్నవి. ఉగాది పచ్చడికి వేపపూవూ లేదు, మామిడికాయా లేదు. అంటార్కిటికా నుండి భారతఖండము విడివడి మధ్య కొత్త సముద్రము తెరుచుకొంటున్న కాలము. ఒంగోలు దగ్గరి వేమవరం రాళ్ళలోను ఇవే జాతుల ఆకులు దొరికినవి.

ఒక జాగ్రత్త మాత్రము ఉన్నది. సిద్ధబీజము తల్లిచెట్టు క్రిందనే పడియుండదు. గాలి, ఏరు దానిని ఎంతో దూరము తీసికొనిపోగలవు. పాత రాయి అరిగి, అందులోనివి కొత్త పొరలోనికి చేరుటయు కలదు. అందుచేత ఒక్క గింజను చూచి తీర్పు చెప్పరు. వందలకొలది లెక్కించి, అది ఏ పొరలో దొరికినదో సరిచూచి చెప్పుతారు. పాత రాతి నుండి చేరినది కానిచో, వలస వచ్చిన గింజ కూడా తాను నిలిచిన పొరకు సాక్షియే. వలస వచ్చిన మనకు ఈ మాట గుర్తుండవలెను.

కనుక సోదరులకు ఒక మనవి. ఇంట బోరుబావి వేయించునప్పుడు ఎన్ని అడుగులకు ఏ రంగు మట్టి వచ్చినదో పిల్లలచేత వ్రాయించండి. పొర లోతు తెలియక మట్టిని కలిపివేసితే ఆ సాక్ష్యము చెల్లదు. ఈ ఉగాదికి ఒక నోటు పుస్తకము చాలును.